గద్ద తన ముక్కు పగలగొట్టుకోదు

వాట్సాప్ గ్రూపుల్లో ఏడాదికి రెండు మూడుసార్లైనా తిరిగే గద్ద కథ ఒకటి మీ ఫోన్‌కూ వచ్చే ఉంటుంది. పరీక్షల సీజన్ దగ్గర పడితే దాని జోరు ఇంకా పెరుగుతుంది. వీడియోలుగా వస్తుంది, మోటివేషన్ క్లాసుల్లో స్లైడ్లుగా వస్తుంది, ఒక్కోసారి ఇంట్లో మనమే పిల్లల్ని కూర్చోబెట్టి చెబుతాం.

కథ ఇదీ. గద్ద డెబ్బై ఏళ్లు బతుకుతుందట. నలభై ఏళ్లు వచ్చేసరికి దాని ముక్కు వంగిపోయి ఛాతీకి తగులుతుందట. గోళ్లు పట్టు కోల్పోతాయట. ఈకలు బరువెక్కి ఎగరడం కష్టమవుతుందట. అప్పుడు దాని ముందు రెండే దారులు ఉంటాయట: చావడం, లేదంటే నూటయాభై రోజుల నరకం అనుభవించడం. రెండో దారి ఎంచుకున్న గద్ద కొండ మీదికి పోయి, ముక్కును బండకేసి కొట్టుకుని ఊడగొట్టుకుంటుందట. కొత్త ముక్కు వచ్చాక దానితో గోళ్లు పీక్కుంటుందట. కొత్త గోళ్లు వచ్చాక వాటితో ఈకలు పీక్కుంటుందట. ఐదు నెలల తర్వాత కొత్త జన్మ ఎత్తి, ఇంకో ముప్పై ఏళ్లు ఆకాశాన్ని ఏలుతుందట.

వింటుంటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. కానీ ఇందులో ఒక్క ముక్క కూడా నిజం కాదు. ప్రపంచంలో ఏ గద్దా ఇలా చేయదు, చేస్తే బతకదు. ఈ కథను మనం పిల్లలకు చెప్పడం మానేయాలన్నది ఈ వ్యాసంలో నా మనవి. అబద్ధం కాబట్టి మానేయాలి. అంతకంటే ముఖ్యంగా, ఈ అబద్ధం మన పిల్లలకు నేర్పే పాఠం మంచిది కాదు కాబట్టి మానేయాలి. అసలు గద్ద బతుకులో దీనికంటే ఎంతో మంచి పాఠాలు ఉన్నాయి.

ముందు లెక్క సరిచూద్దాం

ఈ కథతో పాటు వచ్చే ఫొటోల్లో తరచూ కనిపించేది గోల్డెన్ ఈగిల్. మన భాషలో బంగారు గద్ద అనుకుందాం. మెడ వెనక ఈకలు బంగారు రంగులో మెరుస్తాయి కాబట్టి ఆ పేరు. ఉత్తర అమెరికా, యూరప్, ఆసియా కొండ ప్రాంతాల్లో ఉంటుంది. మన దేశంలో చూడాలంటే హిమాలయాలకు, లద్దాఖ్ వైపుకు వెళ్లాలి. రెక్కలు చాపితే ఆ చివరి నుంచి ఈ చివరికి ఆరడుగుల నుంచి ఏడున్నర అడుగుల దాకా ఉంటుంది. అంత పెద్ద పక్షి బరువు మాత్రం మూడు నుంచి ఆరున్నర కిలోలే. మగదాని కంటే ఆడదే పెద్దది. కుందేళ్లు, కొండ ఉడతల వంటివి దాని తిండి. వేట మీదికి దూకినప్పుడు గంటకు 240 కిలోమీటర్ల వేగాన్ని దాటగలదు.

ఇంత బలమైన పక్షి ఎన్నేళ్లు బతుకుతుంది? పక్షుల కాళ్లకు నంబరున్న రింగులు వేసి వదిలిపెట్టి, ఏళ్ల తర్వాత దొరికినప్పుడు లెక్క కట్టే పద్ధతి ఒకటి ఉంది. ఉత్తర అమెరికాలో ఆ పద్ధతిలో తెలిసిన బంగారు గద్దల్లో అన్నిటికంటే పెద్ద వయసుది 2012లో యూటా రాష్ట్రంలో దొరికింది. దాని వయసు కనీసం 31 ఏళ్ల 8 నెలలు. అదీ రికార్డు. చాలా గద్దలు అంతవరకూ రావు. కాబట్టి "నలభై ఏళ్లకు వచ్చే సంక్షోభం" అనే మాట దగ్గరే కథ కూలిపోయింది.

ఇక ముక్కు సంగతి. గద్ద ముక్కు లోపల ఎముక ఉంటుంది, రక్తనాళాలు, నరాలు ఉంటాయి. దాని మీద కెరటిన్‌తో చేసిన గట్టి తొడుగు ఉంటుంది. మన గోళ్లలో ఉండేదీ కెరటినే. ఆ తొడుగు పుట్టినప్పటి నుంచి చచ్చేవరకూ పెరుగుతూనే ఉంటుంది. మాంసం చీల్చేటప్పుడు, ఎముకలు కొరికేటప్పుడు, తిన్నాక ముక్కును కొమ్మకో రాయికో అటూ ఇటూ రుద్దుకునేటప్పుడు అరుగుతూనే ఉంటుంది. పెరగడం, అరగడం రెండూ రోజూ జరిగే పనులే. బోనులో ఉండి మెత్తని తిండి తినే గద్దలకు మాత్రం ముక్కు ఎక్కువగా పెరిగే అవకాశం ఉంది. అప్పుడు వాటిని చూసుకునేవాళ్లు ఆకురాయితో జాగ్రత్తగా అరగదీస్తారు. కొంచెం లోతుకు పోయినా రక్తం వస్తుంది.

నిజంగా ముక్కు ఊడిపోతే ఏమవుతుందో కూడా మనకు తెలుసు. 2005లో అమెరికాలోని అలాస్కాలో ఒక ఆడ బాల్డ్ ఈగిల్‌ను ఎవరో తుపాకీతో కాల్చారు. పై ముక్కు పోయింది. తినలేక, తాగలేక, ఈకలు సర్దుకోలేక ఆకలితో చావుకు దగ్గరైన స్థితిలో దొరికింది. దానికి బ్యూటీ అని పేరు పెట్టారు. మనుషులు చేత్తో తినిపించి బతికించారు. 2008లో ఒక ఇంజినీరు, పక్షుల సంరక్షకులు, డెంటిస్టు కలిసి త్రీడీ ప్రింటర్‌తో ప్లాస్టిక్ ముక్కు తయారు చేసి అతికించారు. ఆ పక్షి మళ్లీ అడవికి వెళ్లి స్వతంత్రంగా బతికే స్థితికి మాత్రం రాలేదు. ముక్కు లేని గద్ద బతుకు అదీ. ఐదు నెలల్లో కొత్త జన్మ ఎత్తడం దానికి చేతకాదు. గద్ద కొద్ది రోజులు తిండి లేకపోయినా ఓర్చుకోగలదు, నూటయాభై రోజులు ఏ గద్దా ఓర్చుకోలేదు.

అసలు గద్ద ఎలా కొత్తదవుతుంది?

గద్ద నిజంగానే ఈకలు మార్చుకుంటుంది. అయితే ఆ పద్ధతి కథలో చెప్పినదానికి పూర్తిగా విరుద్ధం.

ఈక ఒకసారి పెరిగాక అది ప్రాణం లేని వస్తువు. ఎండకు, వానకు, రాపిడికి అరిగిపోతుంది. కాబట్టి మార్చాలి. కానీ ఒక్కసారే అన్నీ రాల్చుకుంటే గద్ద నేల మీద పడుతుంది, వేట ఉండదు, తిండి ఉండదు. అందుకే ప్రకృతి దానికి ఓపికైన పద్ధతి ఇచ్చింది. ఎగరడానికి పనికొచ్చే పెద్ద ఈకలు కొద్దికొద్దిగా రాలతాయి. రెండు రెక్కల్లోనూ బలం మరీ తేడా పడకుండా రాలతాయి. ఆ స్థానంలో కొత్తవి పెరిగాక తర్వాతివి రాలతాయి. బంగారు గద్ద వంటి పెద్ద పక్షికి రెక్కల ఈకలన్నీ ఒక విడత మారడానికి ఒక ఏడాది చాలదు, రెండేళ్లు, అంతకంటే ఎక్కువే పడుతుంది. ఈ కాలమంతా అది ఎగురుతూనే ఉంటుంది. వేటాడుతూనే ఉంటుంది. పిల్లల్ని సాకుతూనే ఉంటుంది.

పిల్లలకు చెప్పాల్సింది ఇదే కదా! లెక్కల్లో వెనకబడిన అబ్బాయి రోజుకు అరగంట కూర్చుని, ఒక నెలలో భిన్నాలు, ఇంకో నెలలో బీజగణితం సరిచేసుకోవడం గద్ద పద్ధతి. ఆటలు బంద్, టీవీ బంద్, స్నేహితులు బంద్, నిద్ర నాలుగు గంటలు అని ఒక్కసారే అన్నీ పీకేయడం వాట్సాప్ గద్ద పద్ధతి. మొదటి పద్ధతిలో పిల్లవాడు ఎగురుతూనే మారతాడు. రెండోదానిలో కింద పడతాడు.

గద్ద తల్లి పిల్లను తోసేయదు

ఇదే కోవలో ఇంకో కథ కూడా తిరుగుతుంది. తల్లి గద్ద పిల్లను గూట్లోంచి కిందికి తోసేస్తుందట, పిల్ల పడుతూ పడుతూ ఎగరడం నేర్చుకుంటుందట. హాస్టల్లో చేర్చేటప్పుడు ఇది చాలా మందికి ధైర్యం చెప్పే కథ. ఇదీ నిజం కాదు.

బంగారు గద్ద మామూలుగా రెండు గుడ్లు పెడుతుంది. ఆరు వారాలకు పైగా పొదుగుతుంది. పిల్ల బయటికి వచ్చాక సుమారు పది వారాలు గూట్లోనే ఉంటుంది. చివరి వారాల్లో గూటి అంచున నిలబడి రెక్కలు కొట్టుకుంటూ సాధన చేస్తుంది. ముందు కాళ్లు లేవవు, తర్వాత జానెడు లేస్తుంది, ఇంకో రోజు పక్క కొమ్మ మీదికి గెంతుతుంది. ఎగిరే రోజు ఏదో పిల్లే తేల్చుకుంటుంది. ఎగిరాక కూడా తల్లిదండ్రులు వెంటనే చేతులు దులుపుకోవు. వేట నేర్చుకునేదాకా వారాలు, నెలల తరబడి తిండి తెచ్చిపెడుతూనే ఉంటాయి. పెద్ద గద్దలకుండే పూర్తి రంగు ఈకలు రావడానికి సుమారు ఐదేళ్లు పడుతుంది. ఆ ఐదేళ్లలో పిల్ల గద్ద వేట ఎన్నోసార్లు తప్పిపోతుంది. ఆ మాటకొస్తే అనుభవమున్న పెద్ద గద్దకు కూడా దొరికిన వేట కంటే తప్పించుకున్న వేటే ఎక్కువ. గురి తప్పిన ప్రతిసారీ అది బండకేసి తల బాదుకోదు. కొమ్మ మీద కూర్చుంటుంది, ఈకలు సర్దుకుంటుంది, మళ్లీ లేస్తుంది.

గూటిలో అంతా మంచే ఉంటుందని కూడా నేను చెప్పను. ముందు పుట్టిన పిల్ల బలంగా ఉండి, తిండి చాలనప్పుడు, కొన్నిసార్లు తిండి ఉన్నప్పుడు కూడా, చిన్నదాన్ని పొడిచి చంపేస్తుంది. తల్లి అడ్డుపడదు. ఇదీ ప్రకృతిలో ఉన్న నిజమే. మరి దీన్ని మనం పిల్లలకు ఆదర్శంగా చెప్పం కదా? పక్షి చేసే ప్రతి పనీ మనిషికి పాఠం కానక్కర లేదు. పాఠం కావాలనుకుంటే మాత్రం ముందు పక్షిని ఉన్నదున్నట్టు తెలుసుకోవాలి. లేని గుణాన్ని అంటగట్టి, దాన్ని పిల్లల నెత్తిన రుద్దకూడదు.

"కథే కదా, స్ఫూర్తి కోసం చెబుతున్నాం"

ఈ మాట అనేవాళ్లు ఉంటారు. న్యాయమైన ప్రశ్నే. పంచతంత్రంలో నక్కలు మాట్లాడతాయి, తాబేలు కర్ర పట్టుకుని ఆకాశంలో ప్రయాణిస్తుంది. వాటిని వద్దనం కదా, దీన్నెందుకు వద్దనాలి?

తేడా ఉంది. పంచతంత్రం కథను కథగానే చెబుతుంది. ఐదేళ్ల పాపకు కూడా నక్క మాట్లాడదని తెలుసు. గద్ద కథ సైన్సు వేషం వేసుకుని వస్తుంది. డెబ్బై ఏళ్లు, నలభై ఏళ్లు, నూటయాభై రోజులు అంటూ అంకెలు పెట్టుకుని వస్తుంది. పొద్దున జీవశాస్త్రం క్లాసులో ఆధారం లేనిదే నమ్మవద్దని చెప్పి, సాయంత్రం మోటివేషన్ క్లాసులో ఆధారం లేని కథను చప్పట్లతో చెబితే పిల్లలు దేన్ని నమ్మాలి? పదో తరగతి పిల్ల ఎవరైనా "సార్, ముక్కు లేకుండా ఐదు నెలలు ఏం తింటుంది?" అని అడిగితే ఆ పిల్లకు మనం బహుమతి ఇవ్వాలి. మన చదువు ఫలించిందనడానికి ఆ ప్రశ్నే గుర్తు.

నిజానికి ఈ కథ మూలం చాలా పాతది. మధ్యయుగపు యూరప్‌లో జంతువుల గురించి రాసిన పుస్తకాల్లో, ముసలి గద్ద సూర్యుడి దాకా ఎగిరి, కళ్ల మసకను కాల్చుకుని, ఒక ఊటలో మూడుసార్లు మునిగి మళ్లీ పడుచుదవుతుందని రాశారు. అది మతబోధ కోసం చెప్పిన ప్రతీక. చూడండి, ఆ పాత కథలో కూడా గద్ద ముక్కు పగలగొట్టుకోవడం లేదు, నీళ్లలో మునుగుతోంది. ఇప్పుడు తిరుగుతున్న కథలోనే ఇంత రక్తం ఉంది. అది ఏ తరం పిల్లల కోసం తయారైందో ఆలోచించాలి.

అసలు భయం అక్కడే ఉంది. కష్టపడితే ఫలితం వస్తుందని చెప్పడం వేరు. నొప్పి ఎంత ఎక్కువైతే ఫలితం అంత గొప్పదని చెప్పడం వేరు. మొదటిది నిజం. రెండోది ప్రమాదం. పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లలు మనం చెప్పింది మాటకు మాట తీసుకుంటారు. తలనొప్పి వస్తే చెప్పరు, ఓర్చుకోవాలి అనుకుంటారు. నిద్ర పట్టకపోతే చెప్పరు. పాఠం అర్థం కాకపోతే చెప్పరు, తమలోనే ఏదో లోపం ఉందని, దాన్ని పీకేసుకోవాలని అనుకుంటారు. ఇంటర్ ఫలితాలు వచ్చిన మర్నాడు మన రాష్ట్రంలో పేపర్లు ఎలాంటి వార్తలతో వస్తాయో మనందరికీ తెలుసు. వాటికి ఒక వాట్సాప్ కథ కారణమని నేను అనడం లేదు. కానీ "తట్టుకో, లేకపోతే చావు" అనే రెండు దారుల కథ ఇంట్లో, బడిలో, ఫోన్లో పదే పదే వినిపిస్తే, మూడో దారి ఉందన్న సంగతి పిల్లలు మరిచిపోతారు. ఆ మూడో దారి మన దగ్గరికి వచ్చి "నా వల్ల కావడం లేదు" అని చెప్పడం. ఆ మాట అనగలిగే ధైర్యాన్ని వాళ్లకు ఇవ్వడమే మన పని. ఇంట్లో చెప్పుకోలేని పరిస్థితి ఉంటే ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416 పిల్లలకు తెలిసేలా గోడ మీద రాసి ఉంచండి. ఆ కాల్‌కు డబ్బులు పడవు.

మనకు కథలు లేవా?

పక్షి కథ కావాలంటే మనకు జటాయువు ఉన్నాడు. ఆయన ఎగిరిన నేల మనకు దూరం కూడా కాదు. భద్రాచలం పక్కనే ఉన్న ఏటపాకను జటాయువు రావణుడితో పోరాడిన చోటుగా ఇక్కడి జనం చెప్పుకుంటారు. అటు అనంతపురం వైపు లేపాక్షిలోనూ ఇదే చెబుతారు. రాముడు "లే, పక్షీ" అన్నాడు కాబట్టి ఆ పేరు వచ్చిందని అక్కడి వాళ్ల మాట.

జటాయువు కథలో నాకు నచ్చేది ఏమిటంటే, ఆయన ఓడిపోయాడు. ముసలివాడు, ఎదుటివాడు తనకంటే బలవంతుడని తెలుసు, అయినా ఎదురు నిలిచాడు, రెక్కలు తెగి పడిపోయాడు. సీతను కాపాడలేకపోయాడు. అయినా రాముడు ఆయన తల ఒళ్లో పెట్టుకున్నాడు. తండ్రికి చేయాల్సిన అంత్యక్రియలు ఆ పక్షికి చేశాడు. గెలవనివాడికి కూడా అంత గౌరవం ఇచ్చిన కథ మన దగ్గర ఉండగా, గెలవకపోతే చావే అని చెప్పే కథ అరువు తెచ్చుకోవడం ఎందుకు? ర్యాంకు రాని రోజు మన పిల్లల తల ఎవరి ఒళ్లో ఉండాలో ఈ కథ చెబుతుంది.

నిజమైన కథే కావాలంటే అదీ ఉంది. ఒకప్పుడు ఊరూరా కనిపించిన రాబందులు 1990ల తర్వాత దేశమంతటా కుప్పకూలినట్టు తగ్గిపోయాయి. కొన్ని జాతులు నూటికి తొంభై ఐదుకు పైగా మాయమయ్యాయి. కారణం చాలా కాలం అంతుపట్టలేదు. పశువుల నొప్పికి వాడే డైక్లోఫినాక్ అనే మందు, చచ్చిన పశువుల మాంసం ద్వారా రాబందుల్లోకి చేరి వాటి కిడ్నీలను పాడుచేస్తోందని 2004లో శాస్త్రవేత్తలు తేల్చారు. 2006లో మన దేశం పశువుల వైద్యంలో ఆ మందును నిషేధించింది. మన రాష్ట్రంలో 2013లో కుమ్రం భీం ఆసిఫాబాద్ వైపు, బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్ట మీద పొడుగు ముక్కు రాబందులు గూళ్లు కట్టుకుని కనిపించాయి. అటవీశాఖ వాటికి కాపలా పెట్టింది. రాబందు ఏడాదికి ఒక్కటే గుడ్డు పెడుతుంది కాబట్టి వాటి సంఖ్య పెరగడం చాలా నెమ్మది. ప్రశ్న అడిగినవాళ్లు, ల్యాబ్‌లో ఓపికగా వెతికినవాళ్లు, చట్టం రాసినవాళ్లు, కొండ కింద కాపలా కాసినవాళ్లు ఉన్న కథ ఇది. మన పిల్లలు వీళ్లలో ఎవరైనా కావచ్చు.

మన ఓరుగల్లు ఆకాశంలో

బంగారు గద్దను చూడటానికి లద్దాఖ్ వెళ్లలేకపోయినా దిగులు లేదు. మన నెత్తి మీదే దాని చుట్టాలు తిరుగుతున్నాయి. చెత్త కుప్పల దగ్గర, మార్కెట్ల మీద, సెల్ టవర్ల మీద కనిపించేది నల్ల గద్ద. తోక చివర చేప తోకలాగా చీలి ఉంటుంది. చెరువుల దగ్గర తెల్లని తల, ఇటుక రంగు ఒళ్లు ఉన్నది కనిపిస్తే అది గరుడ పక్షి. దాని తోక గుండ్రంగా ఉంటుంది. ఇళ్ల మధ్య చెట్లలో పిచ్చుకల్ని, తొండల్ని పట్టుకునే చిన్నది డేగ. ఊరి బయట పొలాల మీద ఒకేచోట రెక్కలు ఆడిస్తూ గాలిలో నిలబడే తెల్లని, ఎర్ర కళ్ల చిన్న గద్ద ఉంటుంది. 1862లో జెర్డన్ అనే ఇంగ్లిష్ వైద్యుడు రాసిన పక్షుల పుస్తకంలో దాని తెలుగు పేరు అడవి రామదాసు అని ఉంది. ఎంత చక్కని పేరో! పాకాల, ఏటూరునాగారం అడవుల్లోకి వెళితే పాముల్ని తినే పెద్ద గద్ద, నెత్తి మీద జుట్టుతో, చెట్టు కొమ్మ మీద కూర్చుని కనిపిస్తుంది.

ఒక ఆదివారం పొద్దున తొమ్మిది, పది గంటల మధ్య పిల్లల్ని భద్రకాళి చెరువు కట్ట మీదికో, ఖిలా వరంగల్‌లోని ఏకశిల గుట్ట దగ్గరికో తీసుకెళ్లండి. ఎండ ఎక్కేకొద్దీ బండ వేడెక్కుతుంది. బండ మీది గాలి వేడెక్కి పైకి లేస్తుంది. నల్ల గద్దలు ఆ గాలి స్తంభం మీద రెక్కలు ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ పైకి పోతుంటాయి. మన ఊరికి ఏకశిలానగరం అని పేరు తెచ్చిన రాతి నేలే వాటికి లిఫ్టు. ఏడో తరగతి పుస్తకంలో ఉండే ఉష్ణ సంవహనం అక్కడ కళ్లముందు కనిపిస్తుంది. గద్ద బలంతో మాత్రమే ఎగరదు, బలాన్ని ఆదా చేసుకుని ఎగురుతుంది. గాలి అనుకూలంగా లేని వేళ కూర్చుని ఆగుతుంది. వాన వస్తే మేఘాల పైకి ఎగిరిపోతుందని ఇంకో పోస్టర్ చెబుతుంది, అదీ అబద్ధమే. వానలో గద్ద మనలాగే తడవకుండా ఉండే చోటు చూసుకుని కూర్చుంటుంది. ఆగడం తెలిసిన పక్షి కాబట్టే ఎగరగలుగుతోంది.

పిల్లల్ని అక్కడ ఏమీ బోధించకుండా ప్రశ్నలు అడగనివ్వండి. ఎన్ని నిమిషాలు రెక్క ఆడించకుండా తిరిగింది? తోక ఎటు తిప్పితే ఒళ్లు ఎటు తిరిగింది? రెక్కలో ఒక ఈక లేని గద్ద కనిపించిందా? ఆ ఖాళీ కనిపిస్తే పిల్లలకు చూపించండి. ఈకలు మార్చుకుంటూ కూడా హాయిగా ఎగురుతున్న గద్ద అది. వెయ్యి మోటివేషన్ వీడియోల కంటే ఆ ఒక్క దృశ్యం మేలు.

తల్లిదండ్రులకు మూడు విన్నపాలు

మొదటిది. పిల్లల గ్రూపులో జంతువు గురించి, ఆరోగ్యం గురించి, శాస్త్రం గురించి స్ఫూర్తి కథ పంపేముందు రెండు నిమిషాలు ఆగి సరిచూడండి. వీలైతే పిల్లల చేతనే సరిచూపించండి. "ఇది నిజమేనా, ఎలా తెలుసుకుందాం?" అని వాళ్లను అడిగితే, ఆ కథ ఇవ్వలేని చదువును మీరు ఇచ్చినట్టే. బడిలో మేమూ ఇదే పాటించాలి. బయటి నుంచి వచ్చే వక్తల స్లైడ్లను ముందుగా చూసే బాధ్యత టీచర్లదే.

రెండోది. సంక్రాంతికి పతంగుల కోసం నైలాన్ మాంజా కొనకండి, కొననివ్వకండి. జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లోనే దాన్ని దేశమంతటా నిషేధించింది. ఆ దారం తెగదు, కుళ్లదు. పండగ అయిపోయాక నెలల తరబడి చెట్లకు, కరెంటు తీగలకు వేలాడుతూ గద్దల రెక్కల్ని కోస్తుంది, బైకుల మీద వెళ్లేవాళ్ల మెడల్ని కోస్తుంది. గద్దలా ఎగరమని పిల్లలకు చెప్పి, గద్ద రెక్క కోసే దారం వాళ్ల చేతిలో పెట్టకూడదు. నూలు దారంతో కూడా పతంగి బాగానే ఎగురుతుంది.

మూడోది. మార్కులు తగ్గిన రోజు పిల్లలకు ఏ పక్షి కథా చెప్పకండి. ముందు అన్నం పెట్టండి, నిద్రపోనివ్వండి. మర్నాడు కూర్చుని ఏ పాఠం దగ్గర ఆగిపోయారో కలిసి చూడండి. ఆ నెలకు ఒక్క ఈక మారితే చాలు, మిగిలినవి వచ్చే నెలల్లో మారతాయి.

మంగోలియాలో, కజకిస్తాన్‌లో బంగారు గద్దల్ని పెంచి వాటితో వేటాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. చలికాలంలో గద్దను చేతి మీద మోస్తారు, తమ తిండిలోంచి మాంసం పెడతారు, ఒక్క ఈక కూడా విరగకుండా చూసుకుంటారు. కొన్నేళ్లు అలా సాకాక, సంప్రదాయం ప్రకారం, దాన్ని కొండల్లోకి తీసుకెళ్లి వదిలిపెడతారు, అది తన జోడీని వెతుక్కుని, పిల్లల్ని కనాలని. గద్దల గురించి మనకంటే ఎక్కువ తెలిసిన ఆ మనుషులు గద్దకు నొప్పి నేర్పరు. కడుపు నింపి, ఈకలు కాపాడి, సమయం వచ్చినప్పుడు చేయి పైకెత్తి వదిలేస్తారు. మన ఇళ్లలోనూ పిల్లలకు కావలసింది ఆ మూడే.